అట్టల కింద తడి

గ్రామసేవక్ అయ్యగారికి, ముదిగుబ్బ పక్క పల్లెలో మీ దగ్గర వంగనారు తీసుకున్న ఆడమనిషి దండాలు పెట్టి రాసుకునేది.

మీరు గుమ్మఘట్టకు బదిలీ అయినాక ఇక్కడ చినుకు పడలేదు. ఊరబావి అడుగంటింది. ఇంటికి రోజుకు రెండు కడవలే తోడుకోవాలని పెద్దలు కట్టడి చేశారు.

మీరు చెప్పినట్టే సబ్బుల అంగడివాళ్ళు పారేసిన అట్టపెట్టెలు విప్పి మొక్కల చుట్టూ పరిచాను. గిన్నెలు కడిగిన నీళ్ళు తప్ప వేరే చుక్క పోయలేదు. ఊళ్ళో పెరళ్ళన్నీ ఎండిపోయినా నా పన్నెండు వంగమొక్కలు పచ్చగా నిలిచాయి. అదే నా తప్పయింది. నేను దొంగతనంగా నీళ్ళు తోడుతున్నానని పక్కింటి మారెక్క పంచాయితీ పెట్టించింది.

పెద్దల ముందు ఒక అట్ట ఎత్తి చూపించాను. కింద మన్ను తడిగా ఉంది.

"చూడండప్పా, ఎంత తడి ఉండాదో! దొంగనీళ్ళు కాకపోతే యాడివి?" అంది మారెక్క.

అట్టే తడిని ఆపుతుందంటే అందరూ నవ్వారు. పెద్దమనిషి సుంకప్ప తీర్పు చెప్పాడు: "అట్టలు తీసెయ్. ఆ గిన్నెల నీళ్ళే పొయ్యి. పది దినాల్లో చెట్లు ఎండితే నీ మాట నిజం. ఎండకపోతే నీ కడవ బాయిలోకి దిగగూడదు."

ఈరోజు ఆరో రోజు. మూడు మొక్కలు వాలిపోయాయి. వాటిని చూసి మారెక్క నాతో కొంచెం మెత్తగా మాట్లాడింది. ఈలోగా మీరొచ్చి ఒక్క మాట చెబితే చాలు. రాలేకపోతే సుంకప్పకు కార్డయినా రాయండి.

ఇంకా తొమ్మిది నిలబడే ఉన్నాయి. పిల్లలకు కూరకు అవే దిక్కు. అవి ఎండిపోవాలని రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.