చెవి కోసిన పొట్టేలు

నవంబర్ 14, 2022
మర్రిగూడ నుంచి ఇప్పుడే వచ్చిన. నీలినాలుక రోగానికి గుర్వయ్య మందలో అరవై గొర్రెలు పోయినయి. ఒక్క పొట్టేలుకు మాత్రం ఒళ్లు కూడా కాలలేదు. దాని జన్యువుల్లో ఏదో మంచి మార్పు ఉందని ల్యాబ్ అనుమానం. అలాంటి మార్పు మందంతా ఎట్లా పాకుతుందనే లెక్కే నా పీహెచ్‌డీ. నాలుగేళ్లు కంప్యూటర్‌లో గొర్రెలు కాసిన. ఇప్పుడు నిజంది దొరికింది. ఒక్కటే.

నవంబర్ 15
మోడల్ పదివేల సార్లు రన్ చేసిన. మేలు చేసే మార్పు కూడా పదిలో తొమ్మిదిసార్లు మొదటి తరాల్లోనే పోతోంది. నిలిస్తే మాత్రం మంద మొత్తం దానిదే. సంతోషం రావాలి. రాలేదు.

నవంబర్ 22
రక్తం శాంపిల్ పాడైందని మళ్లీ పోయిన. మోకాళ్ల నొప్పులతో గుర్వయ్య దవాఖానలో ఉన్నడు, భార్య గోపమ్మ కూడా అక్కడే. పొట్టేలు గుంజకు కట్టేసి ఉంది. చెవి అంచు చిన్నముక్క కోసి ట్యూబులో వేసుకున్న. సాయంత్రం ఫోన్ చేసి చెబుదామనుకుని మర్చిపోయిన.

డిసెంబర్ 20
రిజల్ట్ వచ్చింది. మార్పు ఉంది.

జనవరి 30, 2023
ఆ మాట చెప్పడానికి పోయిన. గుర్వయ్య కర్ర లేకుండా నడుస్తున్నడు. పొట్టేలును జాతరలో కోసిండ్రంట.

చెవి కోసి ఉంటే ఆ జీవం దేవునికి మొక్కిందని గుర్తంట. తన కాళ్ల కోసం గోపమ్మ మొక్కిందని గుర్వయ్య అనుకున్నడు, గుర్వయ్య మొక్కిండని గోపమ్మ. మొక్కు సంగతి నోరు తెరిచి అడిగితే ఫలించదంట, అందుకే ఒకరినొకరు అడగలేదంట. నేను హలాల్ కానిది తిననని గోపమ్మకు తెలుసు. అతియమ్మా, నీకు వేరే వండిన అని కోడిగుడ్ల కూర పెట్టింది. తిన్న. కారం ఎక్కువైంది.

నా వల్లే పోయింది. ఏడుపు రాలేదు. బస్సులో సీటు దొరికింది.

జనవరి 31
ల్యాప్‌టాప్ తెరవలేదు.

ఫిబ్రవరి 6
పోయి చెప్పిన, చెవి కోసింది నేనేనని. గుర్వయ్య మోకాళ్లు తడుముకున్నడు. తర్వాత, ఎవరు కోస్తే ఏంది బిడ్డా, నా కాళ్లైతే వచ్చినయి గద అన్నడు. ఆ పొట్టేలుకు చూలైన గొర్రెల్లో రోగం నుంచి బతికింది ఒక్కటే. అది నిన్న ఈనింది. పొట్టేలుపిల్ల. మార్పు దీనికి వచ్చి ఉండే అవకాశం సగం.

ఫిబ్రవరి 19
గుర్వయ్య ఫోన్. నా చెయ్యి మంచిదంట. గోపమ్మకు నడుము పట్టేసిందంట, మొక్కు కోసం ఆ పిల్ల చెవి కూడా నేనే వచ్చి కోయాలంట.

సరే అన్న. కుడిదా, ఎడమదా అని అడిగిన.