వచ్చే ఏడు సర్దుతాలే

నరసరావుపేట,
14-6-1984

బావగారికి నమస్కారాలు.

ఇంట్లో కాలేజీ మాట, కాలేజీలో ఇంటి మాట ఎత్తొద్దన్నారు కాబట్టి, ఒకే వీధిలో ఉండి ఉత్తరం రాయాల్సి వచ్చింది.

టైంటేబుల్ వేసే పని మీ చేతికొచ్చిన మూడేళ్లుగా మిగతా లెక్చరర్లకు వారానికి పద్నాలుగు క్లాసులు, నాకు ఇరవై నాలుగు. అడిగినప్పుడల్లా "బావమరిదికి తగ్గిస్తే జనం ఏమంటార్రా? వచ్చే ఏడు సర్దుతాలే" అంటారు. నిరుడు గొంతు పోయి పానిపట్టు యుద్ధం సైగలతో చెప్పాను. మీరు జాలిపడి అక్కయ్య చేత కరక్కాయలు పంపారు గానీ ఒక్క క్లాసూ తగ్గించలేదు.

ఈ ఏడు టైంటేబుల్ వేసే పని ప్రిన్సిపాల్‌గారు నాకు అప్పజెప్పారు. జనం చేత మాట నేనూ పడలేను. కరక్కాయలు సగం మిగిలే ఉన్నాయి, అక్కయ్య చేత తిరిగి పంపుతున్నాను.

మీ బావమరిది