గుడి చుట్టు తిరిగిన త్రిభుజం

రహీం భాయ్,

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. పొద్దుగాల సుబేదారిల మీ ఇంటికి పోయొచ్చిన, అందరు మంచిగున్నరు. కాలేజీకి వచ్చేసరికి నీ పేరు మీద మద్రాసు నుంచి పార్సిల్ వచ్చి ఉంది.

డ్యాం మీద నీళ్ల బరువు ఏడ ఎంత పడ్తదో లెక్కగట్టనీకి, దాని బొమ్మను చిన్న చిన్న త్రిభుజాలుగ కోసేటందుకు మనం రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం యాదికుంది కదా. అడిగినోళ్లకల్లా ఆ ప్రోగ్రాం పంచ్ చేసిన కార్డుల కట్ట నువ్వు ఊరికెనే ఇస్తాంటే నేను గులిగేటోణ్ణి. "తీస్కపోనియ్యి, ఇంకింత మంచిగ చేసి వాపస్ పంపుతరు" అంటుంటివి.

నిజంగనే పంపిండ్రు, పార్సిల్ల ఉన్నది ఆ కట్టనే. మన మొఖం సుత చూడనోళ్లు కొన్ని కార్డులు కలిపిండ్రు. త్రిభుజం మూలలకు నంబర్లు ఉల్టా ఏసినా ఇగ ప్రోగ్రామే సీదా చేసుకుంటదట.

ఆ తప్పు రోజూ చేసేది నేనే కదా భాయ్. గడియారం ముల్లు తిరిగినట్టు నంబర్లేస్తే వైశాల్యం మైనస్‌ల వచ్చి మిషిన్ ఆగిపోయేది. "గుడి చుట్టు ప్రదక్షిణ చేస్తానవా? మేం కాబా చుట్టు గడియారానికి ఎదురు తిరిగినట్టు తిప్పు" అని పడి పడి నవ్వుతుంటివి.

ఇయ్యాల కావాల్నని ఉల్టా ఏసిన. మిషిన్ కిక్కురుమనలే. డ్యాం మొత్తం త్రిభుజాలతోని నిండింది. మస్తు ఖుషీ అయింది నాకు.

అయినా జరసేపు అట్లనే కూసున్న, ఎనక నుంచి నువ్వు నవ్వుతవేమోనని.