మామయ్య కేసులో తీర్పు

అత్తయ్యకి నమస్కారాలు.
మామయ్య కేసుని ఇక్కడి అంతర్జాతీయ కోర్టు విచారణకి తీసుకుంది. ఇరవై రెండేళ్ల కిందట ప్రెస్సులో ఉన్న మనిషిని సైనికులు జీపెక్కించుకుని పోయారని మన ప్రభుత్వం ఇవాళ్టికీ ఒప్పుకోలేదు. ఇక జవాబు చెప్పక తప్పదు. యూనివర్సిటీకి సెలవు పెట్టి నేనే వాదిస్తున్నాను. మొదటిరోజే గుమస్తా, "టైపిస్టులు వెనక కూర్చోవాలమ్మా" అన్నాడు. నల్లగౌను తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాను.
నీ మేనకోడలు
తా.క.: ఆ గుమస్తా పరీక్ష పాసయింది నా పుస్తకం చదివేనట. రాసింది ఎవరో ముసలాయన అనుకున్నాడట.

లాయరమ్మకి ఆశీస్సులు.
ఇంటికొచ్చే రోజు ఎప్పుడో ముందే రాయి. ముందుగదికి సున్నం వేయించాలి. ఇన్నేళ్లకి వస్తుంటే గోడలు ఇలాగేనా ఉండేది?
మీ అత్త
తా.క.: కోర్టులో అరవకు. మీ నాన్న అరిచి అరిచే గొంతు పోగొట్టుకున్నాడు.

అత్తయ్యకి,
నీ ఉత్తరం అందింది. దయచేసి ఆశ పెట్టుకోకు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఈ ఒక్క ముక్క రాయడానికి నాలుగు కాగితాలు చించాను.
నీ మేనకోడలు
తా.క.: సున్నం ఆపించు.

లాయరమ్మకి,
వాదించేదానివి నువ్వే నీరుగారిపోతే ఎలాగే? రాక తప్పదు. సున్నం అయిపోయింది. వీధి వీధంతా పిలిచాను, ముప్ఫై కుర్చీలు తెప్పిస్తున్నాను.
మీ అత్త
తా.క.: ఎదురింటి టైలరు రానన్నాడు. వాణ్ని మాత్రం వదలను.

అత్తయ్యకి,
గెలిచాం. తీర్పు నకలు జతచేశాను. మామయ్యని మూడో రోజే చంపి క్వారీలో పూడ్చారు. వాళ్ల డ్రైవరే సాక్ష్యం చెప్పాడు. ఆయన ఇంటికి రారు అత్తయ్యా. ఈ మాట నీకు మొదటే చెప్పాల్సింది, నోరు రాలేదు. కుర్చీలు పంపించెయ్.
నీ మేనకోడలు

లాయరమ్మకి,
పిచ్చిదానా, నేను ఎదురుచూసింది ఆయన కోసం అనుకున్నావా? తీర్పు కోసం. పూటపూటా సూది మందు పడాల్సిన మనిషి బతికుండడని నాకు ఆ వారమే తెలుసు. వీధి మాత్రం, మీ మామయ్య ఎదురింటి టైలరు చెల్లెలితో లేచిపోయాడంది. ఆ పిల్ల కనబడకుండా పోయిందీ ఆ నెలలోనే. ఇరవై రెండేళ్లు కుళాయి దగ్గర ఆ నవ్వులు భరించాను. నిన్న కుర్చీలన్నీ నిండాయి. పన్నెండో పేజీ నేనే చదివాను. క్వారీ దగ్గరికొచ్చేసరికి కాగితం తీసుకెళ్లి టైలరు ఒళ్లో పెట్టాను. మిగతాది వాడే చదివాడు. అక్కడే, ఆయన పేరు కింద, వాడి చెల్లెలి పేరు కూడా ఉంది.
మీ అత్త
తా.క.: వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నీ అడ్రసు రాసుకున్నారు. వాళ్ల మొగుళ్లు కూడా లేచిపోయినవాళ్లేనట.