బావ గ్లాసులో ఉన్నది

గోదావరిఖని,
12 ఫిబ్రవరి 2025, బుధవారం.

మందమర్రిలో ఉన్న అన్న భూపాల్‌కు చెల్లెలు అనసూర్య నమస్కరించి రాసేది.

అక్కడ వదిన, మేనకోడలు సహస్ర చల్లగా ఉండాలి. నువ్వూ ఉండాలని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ మేము బాగాలేము. నీ ఫోన్లు ఎత్తనిది కావాలనే. ఫోన్‌లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. పుట్టినప్పటి నుంచీ అదే జరిగింది. ఉత్తరంలో నువ్వు నాకు అడ్డు తగలలేవు. చివరిదాకా చదువు.

మీ బావ తాగడు. ఎప్పుడూ తాగలేదు. ఈ మాట నీ చెవికి ఎక్కదని తెలుసు, అయినా రాస్తున్నాను.

మా పెళ్ళి దావత్ గుర్తుందా? ఆయన గ్లాసు వద్దంటే నువ్వు నలుగురిలో, "బొగ్గుబాయిల పనిచేసేటోడు మందు ముట్టడా? పోయి ఆడోళ్ళ పంక్తిల కూసో బావా" అన్నావు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ప్రతి దావత్‌లో ఆయన గ్లాసు నిండా నల్ల కూల్‌డ్రింకు పోసుకుని మీ మధ్య కూర్చున్నాడు. మీరు రమ్ము అనుకున్నారు, ఆయన అనుకోనిచ్చాడు. వద్దన్నవాణ్ణి మనవాళ్ళు కూర్చోనివ్వరు కదా! ఇరవై రెండేళ్ళు అలాగే గడిపాడు. నాలుకకు ఆ తీపి అలవాటై, చివరికి డ్యూటీకి కూడా రోజుకో పెద్ద సీసా పట్టుకుపోయేవాడు. మనిషి పరువు కాపాడుకోవడానికి పట్టుకున్న గ్లాసు అది. అదే ఆయన కొంప ముంచింది.

నవంబర్‌లో స్కానింగ్ తీసి కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. ఆ కాగితంలో నువ్వు లివరు అన్న ఒక్క మాట చదివావు. సహస్ర చీరల ఫంక్షన్లో, మన బలగం అంతా చూస్తుండగా, ఆయన చెయ్యి లాగి బిడ్డ నెత్తిమీద పెట్టించావు. "ఇంక తాగనని ఒట్టెయ్ బావా, నా చెల్లె పుస్తె తెగద్దు" అన్నావు. నేను తాగనని ఆయన ఒక్కసారి చెప్పాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. తాగని మనిషి తాగనని ఒట్టేసి, అన్నం తినకుండా బస్సెక్కాడు. నీకు సిగ్గుండాలి అన్నా.

అది చాలలేదు నీకు. డిసెంబర్‌లో పేరు లేని పొట్లం ఒకటి తెచ్చి, మందు మాన్పించే పొడి, పప్పుల కలుపు, బావకు తెల్వది అని నా చేతిలో పెట్టావు. చెల్లెలి చేత మొగుడి కంచంలో దొంగతనంగా పొడి కలిపించాలని చూసిన అన్నవు నువ్వు. మోరీలో పారబోశానని నీకు ఆ వారమే చెప్పాను.

పోయిన గురువారం కరీంనగర్‌లో పెద్ద డాక్టరమ్మకు చూపించాను. తాగనివాళ్ళ కాలేయానికీ కొవ్వు పడుతుందట. షిఫ్టుకొక వేళ తిండి, తీపి నీళ్ళు, ఏళ్ళకేళ్ళు మింగిన గ్యాసు గోళీలు, ఒళ్ళు వెచ్చబడితే చాలు ఆరెంపీ ఇచ్చిన యాంటీబయాటిక్‌లు. వీటితో పేగులో మేలు చేసే క్రిములు తగ్గి ఉంటాయంది. పేగు గోడ వదులైతే అక్కడి చెడు నెత్తురులో కలిసి ముందు కాలేయానికే పోతుందట. మీ బావ గనిలో నీళ్ళు తోడే పంపు దగ్గర పనిచేసే మనిషి కదా, వెంటనే అర్థం చేసుకున్నాడు. "పైపు మూతికుండే జాలి చినిగితె బురదంత పంపుకే వస్తది గద మేడం" అన్నాడు. అంతే అని ఆమె నవ్వింది. కూల్‌డ్రింకు మానెయ్, జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ తిను, నడువు, కొవ్వు మెల్లగా దిగుతుంది అని చెప్పింది. తాగుతావా అని అడిగింది, లేదన్నాడు, నమ్మింది. ముక్కూ మొహం తెలియని మనిషి నమ్మింది అన్నా!

తర్వాత రక్తం రిపోర్టు చూసి ఆమె మొహం మారింది. నవంబర్‌లో ఉన్నదానికి కాలేయం వాపు అంకెలు ఎన్నో రెట్లు పెరిగాయి. కొవ్వు ఒక్కటే ఇంత చెయ్యదు, నాటుమందులేమైనా వాడుతున్నారా అని రెండుసార్లు అడిగింది. మీ బావ రెండుసార్లూ లేదన్నాడు. సోమవారం మళ్ళీ పరీక్ష. అంకెలు దిగకపోతే సూదితో కాలేయం ముక్క తీసి చూడాలంది. ఇప్పుడు ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. డ్యూటీకి పోవడం లేదు. రోజంతా క్వార్టర్ ముందు కుర్చీలో కూర్చుంటున్నాడు. దారిన పోయేవాళ్ళు తాగి తాగి అయ్యిందని ఆయనకు వినపడేలాగే చెప్పుకుంటున్నారు. ఆ మాట వాళ్ళ నోట పెట్టింది నువ్వే.

ఇక మా గడప తొక్కకు. నీ చెల్లెలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అనసూర్య

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. పొడి పారబోశానని నీకు చెప్పింది అబద్ధం. రెండు నెలలు కలిపాను. తాగనని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో, అయినా నీ మాటే నమ్మాను. డాక్టరమ్మ అడిగినప్పుడు నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఆ రోజు నుంచే కలపడం మానేశాను. మిగిలిన పొట్లం దాచి ఉంచాను, సోమవారం ఆమె ముందు పెడతాను, ఆయన ముందు కూడా. పైన రాసింది మరిచిపో. అది ఎక్కడ కొన్నావో, అందులో ఏమేం నూరారో కనుక్కుని ఆదివారం రాత్రికల్లా రా. ఒక్కదాన్నే చెప్పలేను.

మొదటి రోజు పప్పు చేదుగా ఉందన్నాడు. మెంతులు ఎక్కువయ్యాయన్నాను. సరేనని ఇంకో గరిటె వేయించుకుని తిన్నాడు.