అమ్మ బరువంత ఇసుక

మామయ్యా,

నమస్కారం పెట్టి మరీ పోట్లాడుతున్నాను. "గుండె జబ్బు మనిషి, దారిలో పడిపోతే ఎవరు మోస్తారు?" అంటూ మీ నెల్లాళ్ల కాలినడక యాత్రలోంచి సొంత అక్క పేరే కొట్టేశావట! దేవుడి దారి అందరిదీ అని మీ యాత్ర కరపత్రాలే ఘోషిస్తుంటే, అడ్డుపడటానికి నువ్వెవరు?

నడక అలవాటు కావాలని అమ్మ రోజూ వీపున ఇసుక సంచి కట్టుకుని మేడమెట్లు ఎక్కుతోంది. నిన్న మూడో అంతస్తులో కూలబడింది. నేను కేకలేశాను. "అరవకురా, ఉన్న ఊపిరి నడకకి కావాలి. మీ మామయ్య వద్దన్నా నేనొక్కదాన్నే బయల్దేరతా" అంది.

అన్నంత పనీ చేస్తుంది. అందుకే ఆమె పేరు చేర్చు, పక్కనే నాదీ రాసుకో. ఎవరు మోస్తారని అడిగావుగా? ఈ పొద్దున అమ్మ బరువంత ఇసుక వీపున వేసుకుని అవే మెట్లెక్కాను. మూడో అంతస్తులో కాళ్లు వణికాయి. అయినా దించలేదు.

నీ మేనల్లుడు