గల్లీ వైపు మూత

శివాంజలి రెసిడెన్సీ, పాల్, సూరత్
సోమవారం

ప్లంబరు నర్సింగం గారికి,
సొసైటీ సెక్రటరీ రామలింగేశ్వరరావు వ్రాయునది.

ఏ-వింగ్‌లోని ఏడు వంటిళ్లలో సింకుల కింద చెత్త నలిపే మెషిన్లు బిగించినది మీరే. మూడు నెలలు తిరగకుండానే మొదటి అంతస్తులోని మా సింకులో నీరు దిగడం మానేసి పైకి రావడం మొదలుపెట్టింది. నిన్న ఉదయం నా ఇస్త్రీ చొక్కా మీదికి వచ్చింది. హజీరా ఫ్యాక్టరీలో ముప్పయ్యొక్క సంవత్సరాలు పైపులైన్ల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి. ఎక్కడైనా సూత్రం ఒక్కటే, బిగించినవాడిదే బాధ్యత.

అందుచేత మీ పేరు రాసి 'నాసిరకం పని' అని నోటీసు బోర్డులో పెట్టాను. మీ గేటు కార్డు నిలిపివేశాను. దాన్ని శాశ్వతంగా రద్దు చేసే విషయం ఆదివారం మీటింగులో తేలుస్తాం. ఈలోగా మీ సంజాయిషీ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫోన్లో చెప్పినదీ వాట్సాప్‌లో పెట్టినదీ ఫైలుకు ఎక్కదు. ఉత్తరం వాచ్‌మన్‌కి ఇస్తే చాలు.

ఇట్లు
రామలింగేశ్వరరావు

తా.క. మా ఆవిడ విశాలాక్షి మాత్రం మీ తప్పేమీ లేదంటోంది. ఆవిడకు పైపుల గురించి ఏమీ తెలియదు.

---

బమ్రోలి
మంగళవారం

సెక్రటరీ సాబ్‌కు,
నమస్తే. నమస్తే పెట్టి మొదలుపెట్టమని మా అమ్మ భూదేవి చెప్పింది కాబట్టి పెట్టిన.

మా నాయిన మగ్గాల పనికి సిరిసిల్ల నుంచి ఇక్కడికి వచ్చిండు. నేను ఇక్కడే పుట్టిన. బడిలో గుజరాతీ నేర్పిండ్రు, తెలుగు మా అమ్మ గోడ క్యాలెండరు మీద నేర్పింది. ప్లంబింగు ఎవరూ నేర్పలే. పాత పైపులు విప్పి, బిగించి, కారితే మళ్లీ విప్పి నేర్చుకున్న. అట్ల నేర్చుకున్న పనిని మీరు నాసిరకం అన్నరు. మీ నోటీసు ఫోటో పాల్‌లోని సెక్రటరీల గ్రూపులో తిరిగింది. ఈరోజు రెండు సొసైటీల్లో నన్ను గేటు దగ్గరే ఆపిండ్రు. మా ధంధాలో గేటు కార్డు పోతే చెయ్యి పోయినట్టే.

మెషిన్ బిగించిన రోజు ప్రతి ఇంట్లో నిలబడి చెప్పిన. మీ ఇంట్లో కూడా చెప్పిన, మీరు పేపరు చదువుకుంటున్నరు. మళ్లీ రాస్తున్న, ఈసారి ఫైలుకు ఎక్కించుకోండి. ముందు నల్లా తిప్పి చల్లనీళ్లు వదలాలి, తర్వాతే మెషిన్ వెయ్యాలి. కొంచెం కొంచెం వెయ్యాలి, కుక్కకూడదు. చప్పుడు పలచబడ్డాక మెషిన్ ఆపి, నీళ్లు ఇంకో పావు నిమిషం వదలాలి. నలిగిందాన్ని పైపులో ఆగకుండా తోసుకుపోయేవి ఆ నీళ్లే. గోంగూర కాడలు, మునక్కాడ పిప్పి, కొబ్బరి పీచు వేస్తే లోపల చుట్టుకుంటయి. అన్నం అసలే వద్దు, పైపులో ఉబ్బుతది. వాడిన నూనె గడ్డకడతది. వేడినీళ్లు పోస్తే కరిగి పోతది కదా అంటరు. కరిగి ఎక్కడికి పోతది? జర దూరం పోయి అక్కడ గడ్డకడతది. మెషిన్ ఆగిపోతే లోపల చెయ్యి పెట్టకూడదు. స్విచ్చి తీసి నన్ను పిలవాలి. కార్డు ఉంటే వస్త.

అది చెత్తబుట్ట కాదు సార్. పళ్లెం కడిగేటప్పుడు మిగిలిన రెండు కూర తునకల కోసం పెట్టింది.

ఇట్లు
ఏ తప్పూ చెయ్యని నర్సింగం

తా.క. హజీరా పైపుల్లో సాంబారు పోసేవారా?

---

శివాంజలి రెసిడెన్సీ
బుధవారం

ప్లంబరు నర్సింగం గారికి,

మీ ఉత్తరం అందింది. అందులో పదకొండు అక్షరదోషాలున్నాయి. ఎర్రసిరాతో దిద్దిన కాపీ జతచేశాను.

మీరు రాసిన పద్ధతిని అధ్యయనం చేశాక లోపం ఎక్కడుందో నాకు దొరికింది. ఏడు ఇళ్లవారు ఏడు వేళల్లో మెషిన్ వేస్తున్నారు. క్రమశిక్షణ లేదు. కనుక సర్క్యులర్ ఇచ్చాను. రేపటి నుంచి మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకు ఏడు ఇళ్లలోనూ ఒకేసారి నల్లా తిప్పి, ఒకేసారి మెషిన్ వేయాలి. ఏడింటి నీళ్ల ఒత్తిడికి ఏ అడ్డమైనా కొట్టుకుపోవలసిందే. ఇది మీకు తట్టలేదు. అనుభవం అంటే ఇదే. మీ కార్డు విషయంలో మార్పు లేదు.

ఇట్లు
రామలింగేశ్వరరావు

తా.క. అన్ని మెషిన్లూ ఒకేసారి మోగితే ఎవరింట్లో మోగిందో ఎవరికీ తెలియదన్న సౌకర్యం కూడా ఉంది. ఇందులో మీరు అర్థాలు వెతకనక్కర్లేదు.

---

బమ్రోలి
శుక్రవారం పొద్దున

సెక్రటరీ సాబ్‌కు,
మళ్లీ నమస్తే. ఇది కూడా మా అమ్మ మాట మీదనే.

నిన్న రెండు గంటలకు ఏడు అంతస్తుల భోజనం మీ సింకులోంచి లేచి హాల్లోకి నడిచిందని వాచ్‌మన్ చెప్పిండు. మీరు సోఫా మీద నిలబడి నా పేరు పిలిచిండ్రంట. ఉత్త పేరే పిలిచిండ్రో, ముందు ఇంకేమన్నా కలిపిండ్రో ఆయన చెప్పలే.

ఏడు ఇళ్ల నీళ్లు ఒక్క నిలువు పైపులో దిగుతయి సార్. కింద వంపు దగ్గర అడ్డం పడితే నీళ్లు వెనక్కి తిరిగి, మొదట దొరికిన సింకులోంచి లేస్తయి. మొదటి అంతస్తు మీదే.

మీరు గేటు మూసిండ్రు. కానీ ఆ వంపును శుభ్రం చేసే మూత గోడ బయట, వెనక గల్లీలో ఉంది. గేటు మీది, గల్లీ మున్సిపాలిటీది. ఈరోజు తెల్లారంగనే పోయి విప్పిన. ఏం దొరికింది? కొర్రన్నం, ముద్దలు ముద్దలుగా. మధ్యలో సగం తెగిన కాకరకాయ ముక్కలు, ఆవాలు, కరివేపాకు. ఆ వింగులో మిగతా ఆరు ఇండ్లు గుజరాతీలవి. వాళ్ల సింకుల నుంచి ఖిచిడీ దిగుతది గాని గిది దిగదు.

ముక్కలు సగమే ఎందుకు తెగినయో కూడా చెప్త. ఎవరో నల్లా తిప్పకుండా, మెషిన్ రెప్పపాటు వేసి, చప్పుడుకు భయపడి ఆపేస్తున్నరు. అది కూడా గుప్పెడు కాదు, రోజూ ఇద్దరి బువ్వ. మీ ఇంట్లో ఎవరికో బాగలేదని, తిండి సహించడం లేదని నాకు అర్థమైంది. అమ్మగారికే అయితే జల్ది డాక్టరుకు చూపించండి. ఆమె మంచిది. మెషిన్ బిగించిన రోజు నాకు చాయ్ ఇచ్చింది.

పైపు ఇప్పుడు బాగనే దిగుతది. తీసిందంతా స్టీలు డబ్బాలో పెట్టిన. ఆదివారం గేటు బయట నిలబడి, మీటింగుకు వచ్చేటోళ్లందరికీ మూత తీసి చూపిస్త.

ఇట్లు
నర్సింగం

తా.క. ఎర్రసిరా కాపీ అందింది. మీరు దిద్దినవాటిలో రెండు నేను రాసిందే కరెక్టు. క్యాలెండరు తీసి చూసిన.

ఇంకో తా.క. డబ్బా మా అమ్మది. దాన్ని ఇంక ఇంట్లోకి రానియ్యనంటోంది. దానికి కూడా కార్డు రద్దయింది.

---

శివాంజలి రెసిడెన్సీ
శుక్రవారం మధ్యాహ్నం

చిరంజీవి నర్సింగానికి ఆశీస్సులు.

నాయనా, డబ్బా తేవద్దు. మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు. నాకు షుగరు, అంతే. డాక్టరు ఒక్క మాట అన్నాడు, విశాలాక్షి దాన్ని వ్రతంలా పట్టుకుంది. ఎనిమిది నెలలుగా మధ్యాహ్నం కొర్రన్నం, కాకరకాయ. నా ఒక్కడికే పెడితే నొచ్చుకుంటానని తనూ అదే తింటోంది. ఆవిడ అంత నిష్ఠగా తింటుంటే నాకు గొంతు దిగడం లేదని ఏ నోటితో చెప్పను? మొదట్లో చెత్తబుట్ట అడుగున దాచేవాణ్ణి. నువ్వు మెషిన్ బిగించాక దేవుడు దారి చూపించాడనుకున్నాను. మంచినీళ్ల నెపంతో పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, హాల్లోకి వినపడకుండా ఒక్క క్షణం మెషిన్ వేసి ఆపేస్తాను. సాయంత్రం వాకింగు పేరు చెప్పి బండి దగ్గర వెన్న, సేవ్ వేసిన లోచో ఒక ప్లేటు తింటాను.

ఈ సంగతి ఆవిడకు తెలిస్తే నేను తల ఎత్తుకోలేను. నోటీసు నెమ్మదిగా తీసేస్తాను, కారణం రాయను. కార్డు వాచ్‌మన్ చేత చాటుగా పంపిస్తాను. నీ పనితనం గురించి ఇంగ్లీషులో సర్టిఫికెట్టు కూడా రాసిస్తాను.

ఇట్లు, నీ శ్రేయోభిలాషి
రామలింగేశ్వరరావు

తా.క. నేను వేసేది నాలుగు ముద్దలే. ఇద్దరి బువ్వ అనడం అతిశయోక్తి.

మరో తా.క. చదివి చింపెయ్యి. ఇది ఫైలుకు ఎక్కే ఉత్తరం కాదు.

---

బమ్రోలి
శనివారం

సెక్రటరీ సాబ్‌కు,
ఈసారి నమస్తే నేనే పెడుతున్న, ఎందుకంటే నిజం రాసిండ్రు.

కానీ ఉత్తరం చింపలే. నన్ను బోర్డు మీద పెద్దక్షరాలతో, నలుగురు చూడంగ నాసిరకం అన్నరు. ఇప్పుడు కార్డు చాటుగా ఇస్తరా? ఇజ్జత్ తీసింది నలుగురిలో, తిరిగి ఇచ్చేది కూడా నలుగురిలోనే ఇయ్యాలె. చాటుగా వచ్చే కార్డు నాకు వద్దు. ఇంగ్లీషు సర్టిఫికెట్టు కూడా వద్దు, దాన్ని చదివే వాచ్‌మన్ సూరత్‌లో లేడు.

అమ్మగారికి నేను చెప్పను. సింకు కింద తల పెట్టి పనిచేసేటోడికి ఇండ్ల సంగతులు శానా తెలుస్తయి. వాటిని మోసుకుంట తిరిగేటోడు ప్లంబరు కాదు. కానీ తప్పు నాది కాదని రేపు మీటింగులో ఎవరో ఒకరు చెప్పాలె. మీరు చెప్తరా, డబ్బా చెప్పాల్నా? పదకొండు గంటలకు గేటు బయట ఉంట.

ఇట్లు
నర్సింగం

తా.క. నాలుగు ముద్దలంటే నమ్మను. డబ్బా తీసి మళ్లీ చూసిన. ఇద్దరిదే.

---

శివాంజలి రెసిడెన్సీ
ఆదివారం

శ్రీ నర్సింగం గారికి నమస్కారాలు.

మీటింగు అయ్యాక అందరి ఎదుటా నేను పంపగా వాచ్‌మన్ తెచ్చిచ్చిన కార్డు తీసుకుని, లోపలికి రాకుండానే వెళ్లిపోయారట. మీటింగులో ఏం జరిగిందో మీకు తెలియాలి కనుక రాస్తున్నాను.

మీరు గేటు బయట డబ్బా పట్టుకుని నిలబడటం కుర్చీలోంచి కనిపిస్తూనే ఉంది. లేచాను. ప్లంబరు తప్పేమీ లేదన్నాను. పైపుకు అడ్డం పడింది మా ఇంటి కొర్రన్నం, తప్పు మా ఇంటిదన్నాను. 'నాది' అనడానికి నోరు తెరిచేలోగా వెనక వరసలోంచి విశాలాక్షి లేచింది.

"ఆయన నన్ను కాపాడాలని చూస్తున్నారు. ఆ కొర్రన్నం పారేసింది నేను."

తెలుగులో అంది. అందరూ నా వైపు తిరిగితే, నేనే హిందీలో చెప్పవలసి వచ్చింది. నేను చెయ్యి కడుక్కోవడానికి వెళ్లగానే తన పళ్లెం తీసుకుని వంటింట్లోకి నడుస్తుందట. నాకు వినపడుతుందని మెషిన్ ఒక్క క్షణమే వేస్తుందట. ఆయన అంత నిష్ఠగా తింటుంటే నేను తినలేనని ఎలా చెప్పను, అంది. అది కూడా హిందీలో చెప్పాను. తర్వాత నా సంగతి రెండు భాషల్లోనూ చెప్పుకున్నాను.

ఐదో అంతస్తు భాగీరథీబెన్, అయితే ఎనిమిది నెలలుగా ఆ వంట తిన్నదెవరు అని అడిగింది.

"మొదట బుట్ట, తర్వాత పైపు" అన్నాను.

కొత్త నోటీసు పెట్టాను: 'నర్సింగం గారి పని మేలైనది. నాసిరకం వాడకం సెక్రటరీ ఇంటిది.' కింద నా సంతకం. దాని ఫోటో సెక్రటరీల గ్రూపులో నేనే పెట్టాను. మీ మొదటి ఉత్తరంలోని పద్ధతిని కాపీలు తీయించి ఏడు సింకుల పైనా అంటించాను. అక్షరాలు మీవే, ఎర్రసిరా లేదు.

ఇట్లు
రామలింగేశ్వరరావు, విశాలాక్షి

తా.క. మంగళవారం మధ్యాహ్నం మీరూ మీ అమ్మగారూ మా ఇంటికి భోజనానికి రావాలని విశాలాక్షి కోరిక. డాక్టరు మాట మారలేదు కనుక వంట కొర్రన్నం, కాకరకాయ. మెషిన్లో అన్నం వెయ్యకూడదని మీరే రాశారు. కాబట్టి వచ్చేటప్పుడు ఆ స్టీలు డబ్బా శుభ్రంగా కడిగి తీసుకురండి.